టపాల తేదీలు లెక్కపెట్టే నేను

నేనొక చిన్న ప్రోగ్రామ్‌ను. నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో డిగ్రీ చదివే అమ్మాయి పాత ల్యాప్‌టాప్ మీద పైథాన్‌లో నన్ను రాసింది. తెలుగు బ్లాగుల్లో ఎవరు ఎన్నాళ్లకోసారి కొత్త టపా వేస్తారో చూసి చెప్పడం నా పని.

నాకంటే ముందు పెద్దలున్నారు. వీవెన్ పెట్టిన కూడలి, ఇంకా జల్లెడ, హారం, మాలిక. ఎక్కడ కొత్త టపా పడ్డా తెచ్చి ఒకే చోట చూపించేవి. తెలుగు బ్లాగర్లు ఒకరికొకరు తెలిసింది చాలావరకు వాటి చలవే. అయితే కొత్తది పైకి, పాతది కిందికి అన్నది వాటి పద్ధతి. రోజూ రాసేవారు పైనే ఉండేవారు. ఏడాదికి రెండు మూడు రాసేవారు పూట గడవకముందే కిందికి జారిపోయేవారు. ఆ నిదానస్తుల కోసం పుట్టాను నేను.

దాదాపు ప్రతి బ్లాగుకూ ఫీడ్ అని ఒకటుంటుంది. టపా పేరు, తేదీ అందులో ఉంటాయి. 1999లో నెట్‌స్కేప్ వాళ్లు మొదలుపెట్టిన ఆర్ఎస్ఎస్, 2005లో ప్రమాణమైన ఆటమ్, రెండూ నాకు చదవడం వచ్చు. తేదీలతోనే చిక్కంతా. ఫీడ్‌లో చాలాసార్లు గ్రీన్‌విచ్ సమయం ఉంటుంది. బోధన్‌లో తెల్లవారుజామున రెండింటికి రాసింది అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. అందుకే అయిదున్నర గంటలు కలిపాకే రోజు లెక్క. పాత టపాలో అచ్చుతప్పు దిద్దితే మార్చిన తేదీ మారుతుంది. నేను మొదట ప్రచురించిన తేదీనే పట్టుకుంటాను. సగటును నమ్మను. వారంలో పది రాసి ఏడాది ఊరుకున్నవారి సగటు ఏ సంగతీ చెప్పదు. టపాకూ టపాకూ మధ్య ఎడాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చి నడిమిది తీసుకుంటాను.

అది కూడా అన్నిసార్లూ చాలదు. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన ఒకాయన బ్లాగు చూడండి. ఎడం లెక్క తీస్తే ఏమీ అర్థం కాలేదు. అమ్మాయి నెలలవారీగా గీయించింది. టపాలన్నీ చలికాలంలోనే ఉన్నాయి! చెరకు క్రషింగ్ నడిచే నెలలవి. కాటా ముందు చెరకు బండ్ల వరుస, బాయిలర్‌కు పిప్పి ఎత్తడం, రాత్రి డ్యూటీ, అన్నీ రాశాడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ చలికాలం ఒక్క టపా. తర్వాత లేవు.

అమ్మాయి ఫోన్ చేసింది. "తాతా, రాసుడు బందు చేసినవా?"

"ఫ్యాక్టరీయే బందైనంక ఏం రాయాలె బిడ్డా?"

"బందైంది గదా, అదే రాయి. నీ అసొంటోళ్లు రాయకపోతే మాకెట్ల తెలుస్తది?"

రాస్తానని ఆయన అనలేదు, రాయనని కూడా అనలేదు. మూడు నెలలు రాయని బ్లాగును చచ్చిన బ్లాగు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎన్నిసార్లు రాశారన్నది నేను చెప్పగలను. ఆ రాత విలువ నా లెక్కలో లేదు. ఆయన బ్లాగు నా జాబితాలోనే ఉంది. నెలకోసారి వెళ్లి అడుగుతాను. ఏమీ మారలేదని సర్వర్ 304 అంటుంది, వచ్చేస్తాను.

మీకూ ఒక బ్లాగుంటే, రాసి ఎన్నాళ్లయినా సరే, చెరపకండి. సెట్టింగుల్లో ఫీడ్ తెరిచి ఉందో లేదో ఇవాళే ఒకసారి చూసుకోండి.