పచ్చగళ్ళ వీరుడు

అమీర్‌పేటలో కోర్సు, పక్క సందులో హాస్టలు, ల్యాప్‌టాప్ మూత మీద లైనక్స్ పెంగ్విన్ బొమ్మ. ఈ మూడూ కలిసినచోట మన వీరుడు తప్పకుండా ఉంటాడు. మా పక్క హాస్టల్లో ఒకడున్నాడు. ఏం చేస్తున్నావు బాబూ అని ఎవరడిగినా “ఓపెన్ సోర్స్‌లో ఉన్నానండీ” అంటాడు. అడిగినవాళ్ళు అదేదో కంపెనీ అనుకుని, క్యాబ్ వస్తుందా, భోజనం పెడతారా అని వాకబు చేస్తారు.

పొద్దున్నే పళ్ళు తోముకోకముందే, ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్ సైటులో తన పేజీ తెరుస్తాడు. అక్కడ రోజుకొక గడి చొప్పున ఏడాదంతా పరిచి ఉంటుంది. పని చేసిన రోజు గడి పచ్చబడుతుంది, చేయని రోజు వెలవెలబోతుంది. మనవాడి ఏడాదంతా వరిచేను. సంక్రాంతికి మూడు రోజులూ భీమవరం పక్కన కోడిపందేల బరి వదలనివాడికి ఆ గళ్ళు కూడా ఎలా పచ్చబడ్డాయా అని ఆరా తీశాను. గిట్‌లో కమిట్‌కి, అంటే చేసి దాచిన మార్పుకి, మనం ఏ తేదీ వేస్తే అదే తేదీయట. పండగనుంచి తిరిగొచ్చి, చిన్న స్క్రిప్టు రాసి, ఖాళీలన్నీ పాత తేదీలతో నింపేశాడు. నన్నడిగితే అతను సొంతంగా రాసిన ప్రోగ్రాము అదొక్కటే. బాగానే రాశాడు.

అక్టోబరు వచ్చిందంటే మనిషి ఆగేవాడు కాదు. డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014లో హాక్టోబర్‌ఫెస్ట్ మొదలుపెట్టింది. ఆ నెలలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, అంటే కోడు అందరికీ తెరిచిపెట్టినవాటికి, ఇన్ని అని మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో అయితే నాలుగు చాలన్నారు. వీరుడు ఒక పేరున్న ప్రాజెక్టు రీడ్‌మీ, అంటే దాని పరిచయం ఫైలు, తెరిచి, దాని పేరు ముందు ‘అమేజింగ్’ అని చేర్చి పంపాడు. రెండోదాంట్లో వాక్యం చివర చుక్క పెట్టాడు. మూడోదాంట్లో ఆ చుక్క తీసేశాడు. నాలుగోది నాకు చూపించలేదు. ఆ ఏడు ఇలాంటి వీరులంతా ఒక్కసారిగా మీద పడేసరికి ప్రాజెక్టులు నడిపేవాళ్ళు లబోదిబోమన్నారు. నెల మొదటివారంలోనే కంపెనీవాళ్ళు నిబంధన మార్చి, మాకు సమ్మతమే అన్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయన్నారు. 2023లో టీషర్టు కూడా ఎత్తేసి డిజిటల్ బ్యాడ్జీతో సరిపెట్టారు. అంతే, ప్రపంచంలోని రీడ్‌మీలన్నీ మనవాడి కంటికి తప్పుల్లేకుండా కనబడటం మొదలైంది.

కొత్తగా వచ్చేవాళ్ళ కోసమని, సులువైన పనులకు ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అని చీటీ అంటించి పెడతారు. ఆ చీటీ పడటం ఆలస్యం, “డియర్ సర్, ప్లీజ్ అసైన్ దిస్ టు మీ” అని ఖర్చీఫ్ వేసి వచ్చేస్తాడు. సీటు ఆపుకోవడమే, ఎక్కి కూర్చునేది లేదు. ఒకసారి అవతల ఉన్నది జర్మనీలో ఎవరో ఆవిడ. పగలంతా ఉద్యోగం చేసుకుని, రాత్రి ఈ జీతంలేని చాకిరీకి కూర్చునే మనిషి. “మేం ఎవరికీ పని కేటాయించం, చేసి పంపిస్తే చూస్తాం. ముందు కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదవండి. ఇంకో మాట, నేను సర్‌ని కాదు” అని ఓపిగ్గా రాసింది. మనవాడి జవాబు నిమిషంలో వెళ్ళింది: “ఓకే సర్.”

గూగుల్ 2005 నుంచి సమ్మర్ ఆఫ్ కోడ్ నడుపుతోంది. ఎంపికైనవాళ్ళకి స్టైపెండ్ వస్తుంది. అందువల్ల వీరుడికి ఏటా జనవరిలో ఏదో ఒక ప్రాజెక్టు మీద ప్రేమ పుడుతుంది. మేలో జాబితా వచ్చాక చల్లారుతుంది.

పిల్లాడు చెడ్డవాడేం కాదు. ఇంటర్వ్యూలో పచ్చగళ్ళు చూస్తారని కోర్సులో చెప్పారు, అతను గళ్ళు పండిస్తున్నాడు. గది గోడమీద లినస్ టోర్వాల్డ్స్ బొమ్మ కూడా అంటించుకున్నాడు. 1991లో ఆ ఫిన్లాండ్ కుర్రాడు తన కంప్యూటర్లో తనకు కావలసింది లేక రాసుకున్నదే లైనక్స్ అయింది. ఆ సంగతి బొమ్మ కింద రాసి లేదు.

మొన్న చెల్లెలి పెళ్ళి శుభలేఖ తెచ్చి చూపించాడు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే తయారుచేశానని గొప్పగా చెప్పాడు. పీడీఎఫ్‌లో ‘శ్రీ లక్ష్మీనరసింహ ప్రసన్న’ దగ్గర ఒత్తులన్నీ ఊడి తలో దిక్కుకీ పడున్నాయి.

“ఇదిరా నాయనా అసలు పని,” అన్నాను. “ఏ వెర్షను, ఏ ఫాంటు, ఏం నొక్కితే ఇలా వచ్చిందో వరసగా రాసి, ఈ బొమ్మ జతచేసి పంపు. తెలుగు చదవడం వచ్చిన నువ్వు చెప్పకపోతే, ఎక్కడో కూర్చున్న వాళ్ళకి ఇది తప్పని ఎలా తెలుస్తుంది?”

ఫోన్లో కాసేపు వెతికాడు.

“లేదంకుల్. దీనికి గుడ్ ఫస్ట్ ఇష్యూ చీటీ ఎవరూ పెట్టలేదు.”

ముహూర్తం దగ్గరపడింది. శుభలేఖ నెత్తిన స్వామివారు ఇంగ్లీషులో వెలిశారు.