మా రోజుల్లో మ్యాపు ముందు, బావి తర్వాత

మా రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఒక బావికి చోటు చూపించాలంటే ముందు పెద్దల ఎదుట నిలబడి జవాబులు చెప్పాలి. చమురు ఏ రాతిలో పుట్టింది? ఏ దారిన కదిలింది? ఏ ఇసుకరాతిలో చేరింది? పైన మూత ఏది? చమురు కదిలేనాటికే దాన్ని పట్టి ఆపే ట్రాప్ ఏర్పడి ఉందా? ఒక్కదానికి తడబడినా మ్యాపు చుట్టి చేతికిచ్చి పంపేవారు. రిగ్గు మీద కూడా అంతే. షేకర్ మీద పడ్డ రాతిముక్కలు కడిగి, లెన్సుతో చూసి, ఆసిడ్ చుక్క వేసి, అల్ట్రావయొలెట్ దీపం కింద పసుపు మెరుపు కనిపిస్తే గానీ రిపోర్టులో 'షో' (చమురు జాడ) అని రాసేవాళ్లం కాదు.

ఇప్పుడో? షేల్‌కి ట్రాప్ అక్కర్లేదు కదా, ఎక్కడ తవ్వినా ఒకటే అంటున్నారు కుర్రాళ్లు. చమురు పుట్టిన రాతిలోనే నిల్వ ఉందన్నది నిజమే. అంతమాత్రాన ప్రశ్నలు పోలేదు, మారాయంతే. సేంద్రియ కార్బన్ 2 శాతమైనా ఉందా? రాయి ఎంత ఉడికిందో చెప్పే విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ 1.3 శాతం దాటి గ్యాస్ దశకు చేరిందా? మందమెంత? నీటి ఒత్తిడితో ఫ్రాకింగ్ చేస్తే పగిలేంత క్వార్ట్జ్ ఉందా, బంకమన్ను ఎక్కువై పగులు మళ్లీ మూసుకుంటుందా? ఆ పగుళ్లను పైనా కిందా ఆపే రాయి ఏది?

టెక్సాస్‌లో బార్నెట్ షేల్‌నే చూడండి. మిచెల్ ఎనర్జీ 1981లో అక్కడ మొదటి బావి తవ్వితే, గిట్టుబాటయ్యే ఫ్రాకింగ్ పద్ధతి దొరికేసరికి 1990ల చివరికొచ్చింది. అప్పుడు కూడా కింద వయోలా సున్నపురాయి అడ్డున్న చోటే పని సాఫీగా సాగింది. అది లేని పడమటి వైపు పగుళ్లు ఎలెన్‌బర్గర్ రాతిలోకి దిగి నీళ్లొచ్చే ప్రమాదం. షేల్ ఒకటే, అడుగున ఉన్న రాయి వేరు.

మన దేశంలో 2011లో దుర్గాపూర్ దగ్గర ఇచ్ఛాపూర్ బావిలో బ్యారెన్ మెజర్స్ షేల్ నుంచి ఓఎన్‌జీసీకి గ్యాస్ తగిలింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో రాఘవాపురం షేల్ ఉంది, కొమ్ముగూడెం బొగ్గు పొరలున్నాయి. బార్నెట్ సముద్రంలో పేరుకున్న షేల్. కొమ్ముగూడెంలోది నేల మీది చెట్ల నుంచి వచ్చిన బొగ్గు. బార్నెట్ కొలతలు తెచ్చి ఇక్కడ అతికిస్తే ఎలా కుదురుతుంది?

మాకు లేని త్రీడీ సీస్మిక్, కంప్యూటర్లు మీకున్నాయి. వాటి ముందు కూర్చునేలోపు కోర్ పెట్టెలు తెరిచి రాయిని చేత్తో పట్టుకుని చూడండి. మీ ప్లే (చమురు దొరుకుతుందనే మీ లెక్క) ఏమిటో, ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఒక్క పేజీలో రాయండి. ఆ పేజీ రాయలేకపోతే రిగ్గు అడగకండి.