మూడు తేదీలు

సారు రిటైర్మెంట్ సన్మానానికి రమ్మంటే మా అక్క రానన్నది.

"అందరిండ్లకూ పోయిండు సారు. నా కోసమే రాలే. నేనెందుకురా?" అన్నది, చేతుల మీద గులాబీ ముండ్లు గీరిన గీతలకు కొబ్బరినూనె రాసుకుంటూ. "దండ మాత్రం కట్టిస్త, తీస్కపో."

నేను బలవంతపెట్టలేదు.

సర్కారు బళ్లలో గైడెన్స్ కౌన్సెలర్ అనే కుర్చీ ఉండదు. పిల్లలకు దారి చూపడం చిన్న తరగతుల నుంచే మొదలవ్వాలని 1966లోనే కొఠారి కమిషన్ తన నివేదికలో రాసింది. అది మా ఊరు హిమాయత్‌నగర్ దాకా రాలేదు. మాకు వచ్చింది ఒక లెక్కల సారు. బడిలో లెక్కలు చెప్పేవాడు, పదో తరగతి ఫలితాలు రాగానే చేతక్ స్కూటరెక్కి ఊళ్లు తిరిగేవాడు. బండి డిక్కీలో ఒక లాంగ్ నోట్‌బుక్. ఏడాదికొకటి. అందులో పేరు, ఊరు, మార్కులు, చివర "ఎటు" అని ఒక గడి. ఆ చివరి గడి నిండేదాకా ఆయనకు ఎండాకాలం సెలవులు లేనట్టే.

ఆయన పద్ధతి నాకు బాగా గుర్తుంది. వచ్చి వాకిట్లో నులకమంచం మీద కూర్చుంటాడు. చెంబెడు నీళ్లు తాగుతాడు. ముందు పిల్ల ఊసెత్తడు. క్యారెట్ ఎట్లుంది, గుడిమల్కాపూర్ మార్కెట్‌లో గులాబీ కట్ట ఎంత పలుకుతుంది, బోరు పోస్తుందా అని అరగంట మాట్లాడతాడు. తండ్రి మెత్తబడ్డాక "ఇగ పిల్ల సంగతి చెప్పు" అంటాడు. ఎవరికి పాలిటెక్నిక్, ఎవరికి ఐటీఐ, ఎవరు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో ఆయనకు తెలుసు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసిపెట్టుకోమంటాడు. లెక్కలంటే వణికే పిల్లవాణ్ని ఎంపీసీలోకి తోయొద్దని తండ్రులకు దండం పెట్టి చెప్పినవాడు, తను లెక్కల సారై ఉండి.

బాసర ట్రిపుల్ ఐటీ అంటే ఆయనకు పంచప్రాణాలు. 2008లో మొదలైంది. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేండ్ల చదువు, సర్కారు బడిలో చదివినవాళ్లకు అప్పట్లో జీపీఏకు 0.4 కలిపేవారు. "గీ పాయింట్ నాలుగు మీ కోసమే పెట్టిండ్రురా, ఇడిచిపెట్టకుండ్రి" అనేవాడు.

మా మండలంలో చాలా ఊళ్లు అప్పట్లో 1996 నాటి 111 జీవో కిందికి వచ్చేవి. జంట జలాశయాలను కాపాడటానికి పెట్టిన ఆంక్షలవి. ఫ్యాక్టరీలు వచ్చేవి కావు. చదువు ఆగిన ఆడపిల్ల ముందు ఉండేవి రెండే: పూలతోట, లేదంటే ఎవరిదో ఫామ్‌హౌస్. సారు తిరిగింది ఎక్కువగా ఆడపిల్లలున్న ఇండ్లకే.

2018లో నా కోసం మా ఇంటికి వచ్చాడు. నాయిన ఒక్క మాట అడ్డు చెప్పలేదు. బాసరకు పోయేటప్పుడు ట్రంకుపెట్టె, దుప్పటి కొనిచ్చింది అక్క, తోటలో పూలు కోసిన కూలి డబ్బులతో.

రిటైర్మెంట్ వయసు 2021లో 58 నుంచి 61కి పెరగడంతో సారు ఇంకో మూడేండ్లు మాకు దక్కాడు. 2024లో దిగిపోయాడు. బడి ఆవరణలో వేపచెట్టు కింద షామియానా వేశాం. శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. గాంధీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నావిడ మైకు పట్టుకొని ఏడ్చింది. ఆర్టీసీ కండక్టరు, కరెంటాఫీసు లైన్‌మన్ మాట్లాడారు. నేనూ మాట్లాడాను. "సారు మా వాకిట్లకు రాకపోతే నేను లేను" అన్నాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడే వెనక వరసలో అక్క కనబడింది. దండ కోసం పంపిన పిల్లవాడు దారి తప్పాడట, తనే బుట్ట పట్టుకొని వచ్చింది.

చివర సారు లేచాడు. గుడ్డసంచిలోంచి ఒక్క నోట్‌బుక్కే తీశాడు. అట్ట మీద 2013 అని ఉంది.

"మీరందరు మంచిగ చెప్పిండ్రు. నాకు దొరకని పిల్ల సంగతి నేను చెప్త. పేరు చదవను. జీపీఏ 9.7. పాయింట్ నాలుగు కలిపితే పది దాటుతది. నా సర్వీసుల పది దాటిన పిల్ల గామె ఒక్కతే. గీ పేరు పక్కన మూడు తేదీలున్నయి. మూడుసార్లు పోయిన ఆ ఇంటికి. మూడుసార్లూ వాకిట్ల చిన్న పిలగాడు, సైకిల్ టైరు ఆడించుకుంటున్నడు. 'అక్క అమ్మమ్మోళ్ల ఊరికి పోయింది సారూ, ఇగ సదువదంట' అన్నడు. పసిపిలగాడు, అబద్ధమెందుకాడతడని నమ్మిన. నాలుగోసారి పోవాల్సుండె. పోలే. తప్పు నాదే."

నోట్‌బుక్ మావైపు తిప్పి చూపించాడు. "ఎటు" గడి ఖాళీగా ఉంది.

దండ వేయడానికి రమ్మని మైకులో పిలిచారు. అక్క లేచి, చీర కొంగు సర్దుకొని, మెల్లగా మెట్లెక్కింది. దండ వేసి కాళ్లకు దండం పెట్టింది.

"నీ పేరేందమ్మా?" అన్నాడు సారు, లేవనెత్తుతూ.

చెప్పింది.

సారు చేయి నోట్‌బుక్ మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. ఎవరూ తీసేయని మైకులో అక్క మాట ఊరంతా విన్నది.

"నేనేడికీ పోలే సారూ. మూడు దినాలూ ఇంటెనక తోటల్నే ఉన్న. మీరు రాలేదనుకున్న."

నాయిన నాకు ఒక్కోసారికి పది రూపాయల చొప్పున, ముప్పై ఇచ్చాడు.