నన్నొక్కదాన్నే మిగిల్చారు

తూర్పు లండన్‌లోని పోప్లర్ నా పుట్టిల్లు. అక్కడి రాబిన్ హుడ్ గార్డెన్స్ అనే ఇళ్ల సముదాయంలో పడమటి భవనం నుంచి తీసిన మూడంతస్తుల ముక్కను నేను. భవనం పోయింది, నేను మ్యూజియం సొత్తునయ్యాను.

యుద్ధంలో బాంబులకు చితికిన ఆ పేటల్లో సామాన్యులకు అద్దె ఇళ్లు కావాల్సి వచ్చాయి. అలిసన్, పీటర్ స్మిత్‌సన్ దంపతులు గీసిన నక్షాతో 1972 నాటికి మమ్మల్ని కట్టి ముగించారు. రెండు భవనాలం: ఒకటి పదంతస్తులు, ఒకటి ఏడు. రెండిటి మధ్య పచ్చిక, అందులో శిథిలాలు పోసి పేర్చిన గుట్ట. ఆ గుట్టంటే పిల్లలకు ప్రాణం.

నాకు పూత లేదు, రంగు లేదు. పోతపోసిన కాంక్రీటు ఎలా ఉందో అలాగే నిలబెట్టారు. మా గొప్పంతా మూడేసి అంతస్తులకొకటిగా సాగిన వెడల్పాటి వరండాల్లో ఉండేది. వాటిని ఆకాశవీధులన్నారు. గుమ్మాల దగ్గర కాస్త లోపలికి జరిపి చోటు వదిలారు, కుండీలు పెట్టుకోవడానికి, పొరుగావిడ కనిపిస్తే నిలబడి మాట్లాడుకోవడానికి. ఇరుగుపొరుగు కోసం గోడనే వెనక్కి జరిపిన మనసు ఆ స్మిత్‌సన్ దంపతులది. అందుకే మమ్మల్ని జైలన్నవాళ్ల మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మరమ్మతులు ఏళ్ల తరబడి వాయిదా పడ్డాయి. మరకలు చూసి నేరం కాంక్రీటు మీద మోపారు. రిచర్డ్ రోజర్స్, జాహా హదీద్ లాంటి ఆర్కిటెక్టులు కాపాడమని అడిగారు, ఫలించలేదు. 2017లో కూల్చడం మొదలైంది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నన్ను తీసుకుంది. 2018లో వెనిస్ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో నా వరండా ముక్క ఎక్కి జనం నిలబడ్డారు, ఫొటోలు తీసుకున్నారు. ఇప్పుడు తూర్పు లండన్‌లోనే, ఆ మ్యూజియం వస్తువులు దాచే పెద్ద భవనంలో ఉన్నాను.

కాపాడినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను. అయినా అడగాలనిపిస్తుంది: వీధిలో మనుషులు కాపురముండగానే దాన్ని కాపాడవచ్చు కదా? ఆ పని ఈ ఊళ్లోనే జరిగింది. పశ్చిమాన ట్రెల్లిక్ టవర్ ఉంది. ఎర్నో గోల్డ్‌ఫింగర్ గీసిన ముప్పై ఒక్క అంతస్తులు, మాతోపాటే 1972లో పూర్తయింది. దాన్నీ జనం తిట్టారు, దాని పేరు చెబితే భయపడ్డారు. 1998లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. ఇవాళ అక్కడ ఇల్లు దొరికితే సంతోషించేవాళ్లున్నారు. దానిదీ పూతలేని కాంక్రీటే.