సీటు తిప్పే ముహూర్తం

ఇరవయ్యొకటో రోజు తొట్టెల వేశారు. ఆరో నెలలో అన్నం ముట్టించారు. చెవులు కుట్టించారు, పుట్టువెంట్రుకలు తీయించారు. సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు కార్లున్న ఇళ్లలో ఈ వరసకు కొత్తగా ఇంకో వేడుక చేరింది. సీటు తిప్పుడు. కారులో పిల్లల సీటులో వెనక అద్దానికేసి చూస్తూ కూర్చునే పసివాణ్ని, మొదటి పుట్టినరోజు కేకు కోసిన మర్నాడే ముందుకు తిప్పి కూర్చోబెట్టడం. దీనికి పంచాంగం అక్కర్లేదు, నానమ్మ చాలు.

"పోరడు పాపం కాళ్లు ముడుసుకొని కూసున్నడు. అలిగినోని లెక్క అటు తిప్పి పెట్టిన్రేందయ్యా? ముందటికి తిప్పు, మా మొకాలు సూస్తడు."

కొడుకు తిప్పేస్తాడు. మన ఇళ్లలో భౌతికశాస్త్రం కన్నా నానమ్మ మాటే పెద్దది. కోడలు ఒక ఫొటో తీసి "పెద్దోడైపోయిండు" అని స్టేటస్ పెడుతుంది. పెద్దోడైంది మెడా, పెట్టినవాళ్ల ముచ్చటా అని ఎవరూ అడగరు. తర్వాత ఆ కారు లక్డారం గేటు దగ్గర హైవే ఎక్కుతుంది. ముందు కంకర టిప్పరు. పైన టార్పాలిన్ ఉండదు, వెనక లైటు వెలగదు, బ్రేకు ఎప్పుడు పడుతుందో దాని డ్రైవరుకే ఎరుక.

పుట్టినప్పుడు బిడ్డ తల ఒంటి పొడవులో నాలుగో వంతు. పెద్దవాళ్లకైతే ఎనిమిదో వంతే. అంత తలను మోసే మెడలో ఎముకలు ఏడాదికి గట్టిపడవు, ముక్కముక్కలుగా మృదులాస్థితో అతుక్కుని ఉంటాయి. ముందుకు తిరిగి కూర్చున్న పిల్లాడి కారు దేన్నైనా ఎదురుగా గుద్దితే, పట్టీలు ఒంటిని ఆపుతాయి గానీ తల ఆగదు. ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే అదే దెబ్బను సీటు వీపు తల నుంచి నడుం దాకా పంచి తీసుకుంటుంది. 1960ల్లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే డాక్టరు, అమెరికా జెమిని వ్యోమగాములు వీపు ఆనించి పడుకునే సీట్లు చూసి ఈ ఏర్పాటు ఆలోచించాడు. అక్కడ ఇప్పటికీ నాలుగేళ్ల దాకా పిల్లల్ని వెనక్కే కూర్చోబెడతారు. స్వీడన్ నానమ్మలకు మనవళ్ల మీద ప్రేమ లేదనుకోవాలి.

యూరప్‌లో పాత లెక్క 9 కిలోలకే తిప్పుకోనిచ్చేది. ఐ-సైజ్ అనే కొత్త ప్రమాణం 15 నెలలు నిండేదాకా కుదరదంటోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో రెండేళ్లన్న గీతను కూడా చెరిపేసి, సీటు మోయగలిగినంత కాలం వెనక్కే ఉంచమంది. ముహూర్తం సీటు పక్కన స్టిక్కరు మీద కిలోల్లో, సెంటీమీటర్లలో అచ్చేసి ఉంటుంది. దాని మీద మనవాళ్లు బాలాజీ బొమ్మ అంటిస్తారు. కాళ్ల బాధంటారా, బిడ్డ బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంటాడు. మోకాళ్లు నొప్పి పుట్టేది నానమ్మకే.

ఇదంతా తెలియని ఊరు కాదు మనది. పాశమైలారంలో ఏ గేటు ముందు నిలబడ్డా "సేఫ్టీ ఫస్ట్" బోర్డు తెలుగులో, హిందీలో పలకరిస్తుంది. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం, ప్రతిజ్ఞ, వ్యాసరచన పోటీ, గెలిచినవాళ్లకు స్టీలు డబ్బా. కార్మికుడు రెండు మీటర్ల ఎత్తెక్కితే చాలు, ఒళ్లంతా పట్టీలు బిగించి కొక్కెం తగిలించాలని సేఫ్టీ ఆఫీసరు సారు గొంతు చించుకుంటారు. సాయంత్రం అదే సారు హెల్మెట్ బల్ల మీద పెట్టి, భార్య ఒళ్లో పది కిలోల బిడ్డను పెట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరతారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్దుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి, కింద పడటమే. కారు పదో వంతు సెకనులో ఆగితే ఆ బిడ్డను పట్టుకోవడానికి తల్లి చేతులు సుమారు 140 కిలోలు ఆపాలి. సారు లెక్కల్లో ఇది "వర్క్ ఎట్ హైట్" కిందికి రాదు కాబోలు.

సీటు కొన్నవాళ్లే నయం అందామా? వేళ వచ్చాకే తిప్పారనుకోండి. తిప్పడమంటే మొహం మార్చడమొక్కటే కాదు. కారు బెల్టు దూర్చే దారి మారుతుంది. చాలా సీట్ల మీద వెనక్కి ఉన్నప్పటి దారికి నీలం గుర్తు, ముందుకు ఉన్నప్పటి దారికి ఎర్ర గుర్తు ఉంటాయి. భుజం పట్టీలు అప్పటిదాకా భుజానికి సమంగానో కాస్త కిందో ఉండాలి, ఇకమీదట సమంగానో కాస్త పైనో. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత దొరికిందా, వదులుగా ఉన్నట్టే. చాలా సీట్లకు వెనక నుంచి ఇంకో పట్టీ వేలాడుతుంది, పేరు టాప్ టెథర్. దాన్ని కారు వెనక సీటు వీపునో డిక్కీలోనో ఉన్న కొక్కేనికి తగిలించి బిగించకపోతే, గుద్దినప్పుడు సీటు పైభాగం ముందుకు ఊగి, పిల్లాడి తల వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంటుంది. మన కార్లలో ఈ టెథర్‌కు ఒక ఉద్యోగం దొరికింది. పాలసీసా సంచీ తగిలించుకుంటున్నారు. షోరూము కుర్రాడు కారు తాళాలిచ్చేటప్పుడు సన్‌రూఫ్ గురించి అరగంట చెబుతాడు. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలెక్కడని అడిగితే మేనేజరును పిలుస్తాడు.

కాలిఫోర్నియా నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చే మన పిల్లల సంగతి మరీ ముద్దొస్తుంది. అక్కడ 2017 నుంచి రెండేళ్ల లోపు బిడ్డను వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలి. 40 పౌన్ల బరువో 40 అంగుళాల ఎత్తో ఉంటే తప్ప మినహాయింపు లేదు. శాన్‌హోజేలో చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించిన తండ్రి, శంషాబాద్‌లో దిగగానే బిడ్డను మేనమామ ఒళ్లోకి అందిస్తాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి వందలో పోతుంటుంది. "ఇండియాల ఏం కాదు తియ్" అంటాడు, గురుత్వాకర్షణకు కూడా వీసా కావాలన్నంత ధీమాగా.

చట్టం మనకూ ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షను చేరింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో తగిన సీటో పెట్టకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. బైకు మీద నాలుగేళ్ల లోపు పిల్లలుంటే పట్టీ, హెల్మెట్, 40 కిలోమీటర్లకు మించని వేగం అంటూ 2022లో ఇంకో నిబంధన వచ్చింది. ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక గంట నిలబడి చూడండి. పెట్రోలు ట్యాంకు మీద ఒకడు, అమ్మానాన్నల మధ్య ఒకతి, వెనక అమ్మ చంకలో ఇంకొకడు. హెల్మెట్ నాన్న మోచేతికి ఉంటుంది.

ఇక కార్లను ఆపే తనిఖీ. పోలీసాయన అద్దం దింపించి డ్రైవరు బెల్టు చూస్తాడు, లైసెన్సు చూస్తాడు, నోటి దగ్గర గొట్టం పెట్టి ఊదమంటాడు. రెండు ముందు సీట్ల మధ్య నిలబడి గేరు రాడ్ పట్టుకున్న రెండేళ్ల వాడు కూడా ఆయనకు కనబడతాడు. పొల్యూషన్ కాగితం డేటు దాటిందని నాన్నకు చలానా రాసి, వాడి బుగ్గ గిల్లి, "అంకుల్‌కు టాటా చెప్పు బేటా" అని పంపిస్తాడు.