సమావేశ సన్నాహ శాస్త్రం

వంటకు శాస్త్రముంది, జూదానికీ చోరవిద్యకూ ఉంది. అసెంబ్లీ సమావేశాలకు ఎమ్మెల్యే ఎలా సిద్ధం కావాలో చెప్పే లక్షణ గ్రంథం మాత్రం మా కంట పడలేదు. అందుకే ఈ సాహసం.

ఈ శాస్త్రానికి మూలం రాజ్యాంగంలోని 174వ అధికరణం. రెండు సమావేశాల నడుమ 6 నెలలకు మించి ఎడం ఉండరాదని దాని ఆజ్ఞ. అంటే ఎంతటి నాయకుడికైనా ఏడాదికి రెండుసార్లు ఈ గండం తప్పదు. గవర్నర్ పేరిట నోటిఫికేషన్ వెలువడ్డ ఘడియ నుంచి సన్నాహ కాలం మొదలు. తొలి సూత్రం: "ఇస్త్రీ ఆదౌ, ప్రశ్నా పశ్చాత్." చొక్కాకు గంజి ఎంత పెట్టాలన్న దగ్గర మతభేదాలున్నాయి. అధికారపక్షం వారు కదలకుండా కూర్చుంటారు కనుక దండిగా పెట్టవచ్చు. ప్రతిపక్షం వారు పోడియం దాకా పరుగెత్తాలి, యోగముంటే మార్షల్స్ చేతుల మీదుగా బయటికి వేంచేయాలి. వారికి పలుచని గంజే శ్రేయస్కరం.

ప్రతిపక్ష ద్రవ్యాల్లో నల్ల కండువా, ప్లకార్డు నిత్యం. ఎండిన వరిదుబ్బు నైమిత్తికం. దుబ్బు వేళ్లతో సహా ఉండాలి. మట్టి కెమెరాకు కావాలి కానీ కారు సీటుకు పనికిరాదు గనుక డిక్కీలో గోనెసంచి పరచడం శిష్టాచారం. గేటు దగ్గర పోలీసులు లోపలికి రానివ్వకపోతే మరీ మంచిది. వెనక, హైదరాబాద్ అసెంబ్లీ ఆవరణలో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు జ్ఞాపకంగా కట్టించిన తెల్లని టౌన్‌హాల్ గుమ్మటాలు ఫొటోలో ఎంతో హుందాగా పడతాయి.

అధికారపక్ష సభ్యుడి సన్నాహమంతా ఒక సంచి. అందులో బోరు మోటారు నుంచి బదిలీ దాకా నానా అర్జీలుంటాయి. సెక్రటేరియట్‌లో దొరకని మంత్రి లాబీలో దొరుకుతాడు. సభ నడుస్తుండగా ఎటూ పోలేడు. పెన్ను మూత తీసి ఉంచుకోవాలన్నది పెద్దల మాట.

ఇక ప్రశ్నా ప్రకరణం. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో బదులివ్వాలి, గుర్తు లేనిదానికి కాగితం మీద ఇస్తే చాలు. అందరికీ నక్షత్రమే కావాలి. ప్రశ్నోత్పత్తి విధానాన్ని ఓ క్యాంపు ఆఫీసులో చూద్దాం.

"అన్నా, వాగు మీద వంతెన ప్రతిపాదన ఉన్నదా అని అడిగినం. ఉన్నచో ఎప్పటిలోగా పూర్తగును అని రెండోది. మూడో ముక్క ఏం పెడదాం?"

"ఏముంటది తమ్మీ, లేనిచో కారణములేవి అని పెట్టు."

ఆ గ్రాంథికం ఇంకెక్కడా బతికి లేదు, సభా ప్రశ్నల్లో తప్ప. జవాబూ అదే ఛందస్సులో వస్తుంది: అ) లేదండి. ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. వాగు మాత్రం ఏటా ఉత్పన్నమవుతూనే ఉంటుంది.

శాస్త్రానికి ప్రాణం దీని తరువాతి నిమిషంలో ఉంది. దాన్ని అనుబంధ ప్రశ్న అంటారు. మంత్రి ముందున్న కాగితంలో అది ఉండదు. అంచనా ఎంత, టెండరు ఎందుకు ఆగింది, ఫైలు ఏ ఇంజనీరు బల్ల మీద నిద్రపోతోంది అని తెలిసినవాడు అడిగితే, మంత్రి కళ్లు అధికారుల గ్యాలరీ వైపు తిరుగుతాయి, అక్కడి నుంచి చీటీ కదులుతుంది. సమావేశం మొత్తంలో చదువుకుని రావలసింది ఈ ఒక్క నిమిషానికే. చదివేవారు మాత్రం అరుదు. పుచ్చలపల్లి సుందరయ్య సభకు తొక్కుకొచ్చిన సైకిల్ గురించి అందరూ చెప్పుకుంటారు, ఆయన చదివిన లెక్కల గురించి ఎందరు చెప్పుకుంటారు? వాహనాన్ని అనుసరించడం తేలిక. 2024 డిసెంబరులో బీఆర్‌ఎస్ సభ్యులు ఖాకీ చొక్కాలు తొడుక్కుని ఆటోల్లో అసెంబ్లీకి వచ్చారు. ఆటో డ్రైవర్ల కష్టం నిజమైనదే. మరునాటి పేపర్లలో ఫొటోలూ బాగానే పడ్డాయి.

అసలు వెళ్లకపోతేనేం అని పూర్వపక్షం. 190వ అధికరణం అడ్డొస్తుంది: సభ అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. అయితే సభ వరుసగా 4 రోజులకు మించి వాయిదా పడిన కాలం ఈ లెక్కలోకి రాదు. మన సభలు కూర్చునే వేగానికి 60 చేరడమే ఓ తపస్సు. అయినా భయస్థులకు రిజిస్టర్ ఉంది. కొందరు సభ్యులు సభలో కనిపించకుండానే సంతకాలు పెట్టి వెళుతున్నారని 2025 మార్చిలో ఏపీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు సభాముఖంగానే చెప్పారు. కోరం మాటకొస్తే, 119 మంది ఉన్న తెలంగాణ సభలో పదోవంతు లెక్కన 12 మంది చాలు. క్యాంటీన్ నుంచి ఆమాత్రం మందిని గంట కొట్టి రప్పించవచ్చు.

చివరి సన్నాహం ఫ్లెక్సీ. "అసెంబ్లీలో మన సమస్యలపై గళమెత్తిన ప్రియతమ నాయకుడికి స్వాగతం" అన్నది సమావేశాలకు ముందే ప్రింటుకు వెళ్లాలి, తర్వాత షాపులో రద్దీ ఎక్కువ.

"అన్నా, చెయ్యెత్తి మాట్లాడుతున్న ఫొటో ఒక్కటే ఉంది. కండువా మాత్రం పాత పార్టీది."

"రంగు మార్పియ్యి తమ్మీ. చెయ్యి అట్లనే ఉంచు."