ఇరవై రెండు కొట్టీ ఓడాం

మొన్న మా మనవడు బేస్‌బాల్ ఆట చూస్తూ నాలుగో ఇన్నింగ్స్‌లోనే టీవీ కట్టేశాడు. ఏంరా అంటే ఫోన్ చూపించాడు. "మనవాళ్లు గెలిచే అవకాశం మూడు శాతమేనట తాతా, ఇంకేం చూస్తాం?" ఒళ్లు మండింది నాకు. మా రోజుల్లో ఆట అయిపోయిందని ఫోన్ చెప్పేది కాదు, ఆటే చెప్పేది.

1979 మే 17, గురువారం. షికాగోలో రిగ్లీ ఫీల్డ్. అక్కడ 1988 దాకా ఫ్లడ్‌లైట్లే లేవు, ఆటంటే పట్టపగలే. పనికి ఎగనామం పెట్టి వచ్చిన పదిహేను వేల మందిలో నేనొకణ్ణి. దేశానికీ కొత్త, ఆటకీ కొత్త. బంతి గోడ దాటితే సిక్సర్ అనుకుని చప్పట్లు కొట్టే రకం. ఆ రోజు గాలి మైదానంలోంచి బయటికి వీస్తోంది. గాల్లోకి లేచిన బంతి మళ్లీ కిందికొస్తుందన్న నమ్మకం లేదు.

ఫిలడెల్ఫియా ఫిలీస్ మొదటి ఇన్నింగ్స్‌లోనే ఏడు పరుగులు చేసింది. వాళ్ల పిచ్చర్ రాండీ లెర్చ్, ఇంకా ఒక్క బంతీ విసరకముందే, తనే ఒక హోమ్ రన్ కొట్టాడు. ఇప్పుడా ముచ్చటేదీ? 2022 నుంచి పిచ్చర్లు బ్యాట్ పట్టే పనే లేదు, బదులు కొట్టడానికి వేరే మనిషి ఉంటాడు. సరే, మా షికాగో జట్టు కబ్స్ తిరిగి ఆరు కొట్టారు. ఇరుజట్ల మొదటి పిచ్చర్లూ చెరొక్కణ్ణే అవుట్ చేసి ఇంటిదారి పట్టారు.

నా పక్క సీట్లో ఒక ముసలాయన స్కోరు కార్డు మీద పెన్సిల్‌తో ఒక్కొక్కరి లెక్కా గీస్తున్నాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఫిలీస్ ఎనిమిది చేసేసరికి గడి చాలక పక్క గడిలోకి పాకాడు. మొన అరిగితే పళ్లతో చెక్కుకున్నాడు. అయిదో ఇన్నింగ్స్‌లో 21-9 అయింది. నేను లేవబోయాను. ఆయన తలెత్తకుండానే వేరుశనక్కాయల పొట్లం నా వైపు జరిపాడు. కూర్చున్నాను.

కూర్చోబట్టి చూశాను. అదే ఇన్నింగ్స్‌లో మావాళ్లు, బిల్ బక్నర్ ఒకే దెబ్బకి నాలుగు పరుగులు తెచ్చిన గ్రాండ్ స్లామ్‌తో కలిపి, ఏడు పరుగులు చేశారు. మా డేవ్ కింగ్‌మన్ ఒక్కడే మూడు హోమ్ రన్లు కొట్టాడు, బంతుల కోసం కుర్రాళ్లు బయట వేవ్‌లాండ్ వీధిలో కాచుకుని ఉన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి 22-22! ముసలాయన పెన్సిల్ చెవిలో దోపుకుని లేచి నిలబడ్డాడు.

ఇప్పుడైతే తొమ్మిది ఇన్నింగ్స్‌కీ స్కోరు సమంగా ఉండి ఆట పదో ఇన్నింగ్స్‌కి వెళితే రెండో బేస్ మీద ఒకణ్ణి ఊరికే నిలబెట్టి మొదలుపెడతారు, త్వరగా తెమిలిపోవాలని. బంతి బంతికీ గడియారమొకటి, బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పదిహేను సెకన్లలో విసరాలట. ఏ రైలు తప్పిపోతుందని? ఆనాటి ఆట నాలుగు గంటల పైన సాగింది. పదో ఇన్నింగ్స్‌లో మా పిచ్చర్ బ్రూస్ సట్టర్ బంతిని ఫిలీస్ మైక్ ష్మిట్ బయటికి కొట్టాడు. సట్టర్ సామాన్యుడు కాదు, ఆ ఏడాది మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. 23-22. అయిపోయింది.

నిజం ఒప్పుకోవాలి, గొప్ప ఆటేం కాదది. 50 హిట్లు, 11 హోమ్ రన్లు అంటే పిచ్చర్లు ఏం వెలగబెట్టినట్టు? అదే మైదానంలో 1922లో ఇవే జట్లు 26-23తో 49 పరుగులు చేశాయి, రికార్డు ఇప్పటికీ దానిదే. మాది రెండో స్థానం. అయినా 21-9 దగ్గర నా చేతిలో ఆ ఫోన్ ఉండుంటే, అడిసన్ స్టేషన్‌లో రైలెక్కి ఇంటికెళ్లి పడుకునేవాణ్ణి.

నేను చూసింది ఓడిపోయిన ఆటే, నలభై ఏళ్లు దాటినా అన్ని పరుగులూ నోటికి చెబుతున్నాను. మొన్న మధ్యలో కట్టేసిన ఆటలో చివరికి ఎవరు గెలిచారని మర్నాడు అడిగితే, మా మనవడికి తెలియదు.